డ్రయర్‌లో రెండుసార్లు తిప్పినా బట్టలు చెమ్మగానే ఉంటున్నాయి. ఐదేళ్ల మెషిన్. కొత్తది కొనాలా?

కొనకండి. ముందు ఒక్క సంగతి చూడండి. బట్టలు బయటికి తీసినప్పుడు చల్లగా తడిగా ఉంటున్నాయా, వేడిగా తడిగా ఉంటున్నాయా? చల్లగా ఉంటే హీటర్ సంగతో, కరెంటు సంగతో. వేడిగా ఉండి కూడా ఆరట్లేదంటే నన్నడిగితే మెషిన్ బంగారంలా ఉంది, తడి గాలిని ఇంటి బయటికి పంపే గొట్టం పూడుకుపోయింది. ఈ తేడా తెలియక నేను 180 డాలర్లు తగలేశాను.

మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలున్నారు. అప్పటికే మా డ్రయర్ నస పెడుతోంది. జీన్స్ కాళ్లు ఆరేవి, నడుము పట్టీ ఆరేది కాదు. టర్కీ తువ్వాళ్లయితే రెండో విడత తప్పదు. మెకానిక్‌ని పిలిస్తే పది నిమిషాలు చూసి, హీటింగ్ ఎలిమెంట్ పోయిందని చెప్పి మార్చి వెళ్లాడు. ఆ సాయంత్రం తువ్వాళ్లు మళ్లీ తడే. ఫోన్ చేస్తే, ఇంకోసారి రావాలంటే ఇంకో విజిట్ ఛార్జీ అన్నాడు. ఈ దేశంలో మనిషి గుమ్మం తొక్కితే చాలు మీటర్ తిరుగుతుంది, అదో గోల.

నాన్న కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. "ఒక ఫేజు పోయుంటుందిరా" అన్నారు. నవ్వాను గానీ ఆ మాటలో విషయం ఉంది. ఇక్కడ ఎలక్ట్రిక్ డ్రయర్‌కి 240 వోల్టులు, రెండు 120 వోల్టుల లైన్లుగా వస్తాయి. డ్రమ్ము తిప్పే మోటార్‌కి ఒకటి చాలు, హీటర్‌కి రెండూ కావాలి. ఒకటి పోయినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం రాదు. అందుకని ప్యానెల్‌లో జంట బ్రేకర్‌ని పూర్తిగా ఆపి మళ్లీ వేశాం. మా జబ్బు అది కాదు, డ్రమ్ములో చెయ్యి పెడితే సెగ కొడుతోంది.

అప్పుడు నాన్న అడిగారు: "సరే, ఈ తడంతా ఎటు పోతోందిరా?"

ఆ ఇంట్లో ఏడేళ్లుగా ఉంటున్నాను. నాకు తెలియదు.

ఇద్దరం కలిసి మెషిన్‌ని ముందుకు లాగాం. వెనక వెండి కాగితంలాంటి గొట్టం గోడకి నొక్కుకుపోయి అప్పడంలా అయింది. దాన్ని ఊడదీసి ఐదు నిమిషాలు తిప్పి చూద్దామన్నారు. (మీది గ్యాస్ డ్రయర్ అయితే ఈ పని అస్సలు చెయ్యొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.) వెనక నుంచి కొట్టిన గాలికి నాన్న పంచె రెపరెపలాడింది. అంటే మెషిన్ తన పని తాను చేస్తోంది. అడ్డం ఎక్కడో పైన ఉంది.

మా లాండ్రీ గది మేడ మీద, ఇంటి నట్టనడుమ. గొట్టం గోడలోంచి ఎక్కి కప్పు మీద తేలుతుంది. బట్టలుతికే గదిని బయటి గోడ పక్కన పెడితే బిల్డర్ సొమ్మేం పోయింది? మామూలుగా ఇక్కడి ఇళ్ల నిర్మాణ నియమాల (కోడ్) ప్రకారం 4 అంగుళాల గొట్టం 35 అడుగులు దాటకూడదు, 90 డిగ్రీల మలుపు ఉంటే ఒక్కోదానికి 5 అడుగులు తీసెయ్యాలి. చివర జాలీ ఉండకూడదు. మా కప్పు మీద నిక్షేపంగా జాలీ ఉంది! గొట్టాలు శుభ్రం చేసే కుర్రాడు ఎక్కి మూత తీస్తే, దానికి బూడిదరంగు నూగు బొంతలా అట్టకట్టింది. గొట్టంలోంచి బ్రష్‌తో లాగింది ఇంకో రెండు బకెట్లు. నిప్పంటుకునేది కూడా ఆ నూగే. అమ్మ చూసి "ఒక దిండు కుట్టొచ్చు" అంది. ఆ రాత్రి తువ్వాళ్లు 45 నిమిషాల్లో ఆరాయి.

ఇంకో కిటుకు అమ్మదే. లింట్ ఫిల్టర్‌ని, అంటే డ్రయర్లో నూగు పట్టే జాలీని, రోజూ దులుపుతున్నాం కదా అనుకుంటాం. అమ్మ దాన్ని కుళాయి కింద పెడితే నీళ్లు దిగలేదు, పొడి ఎక్కువైన కాఫీ ఫిల్టర్‌లా నిలబడిపోయాయి. బట్టలతో పాటు వేసే డ్రయర్ షీట్ల (సెంటు వాసన కాగితాల) జిడ్డు. సబ్బు పెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమితే దిగాయి. ఆ జిడ్డే లోపలి తేమ సెన్సార్ పట్టీల మీదా పడుతుంది, ఆరకముందే మెషిన్ ఆగిపోతుంది. షీట్లు మానేశాం. సెంటు వాసన లేకపోతే బట్టలు ఉతికినట్టు కాదా ఏమిటి?

హైదరాబాద్‌లో ఉతికీ ఆరబెట్టీ ఇచ్చే కాంబో మెషిన్ కొని ఇదే బాధ పడేవాళ్లకి ఈ గొట్టం గొడవ ఉండదు. అది ఉతికినంత బరువూ ఆరబెట్టలేదు. సగం బట్టలు బయటికి తీసి తిప్పండి. అక్కడ అంత ఎండ ఉండగా అసలా మెషిన్ ఎందుకన్నది మా అమ్మ అడగాల్సిన ప్రశ్న.

ఎందుకంటే ఆవిడకి ఈ వ్యవహారమే నచ్చలేదు. ఫ్రిస్కోలో జులై ఎండ మన రెంటచింతలకి తీసిపోదు. "బయట నిప్పులు చెరుగుతుంటే లోపల కరెంటు కాలుస్తారా?" అని పెరట్లో ఫెన్సుకీ చెట్టుకీ తాడు కట్టి దండెం వేసింది. నాలుగో రోజుకి కాలనీ అసోసియేషన్ నుంచి లెటర్: కనబడేలా బట్టలు ఆరేయరాదు. గడ్డి ఎండిపోయిందనీ లెటరే, చెత్త డబ్బా బయట ఉందనీ లెటరే.

తాడు గరాజ్‌లోకి మారింది. మధ్యాహ్నం అక్కడ వేసిన అమ్మ వెంకటగిరి చీర, డ్రయర్లో తువ్వాళ్లు ఆరేలోపే ఆరిపోయేది. దాన్ని మడతపెట్టి తెచ్చి, ఇంకా తిరుగుతున్న మెషిన్ మీదే పెట్టి వెళ్లేది.