పాత బండి ఇంజిన్‌తో గడ్డి మిషన్: వెల్డర్ బిల్లులో కనిపించని ఖర్చు

ప్రశ్న: మాకు నల్గొండ జిల్లాలో 3 ఎకరాల బత్తాయి తోట ఉంది. ఏడాదికి నాలుగుసార్లు గడ్డి తీయించాలి, ఎకరానికి ప్రతిసారీ ₹3,000 కూలి అవుతోంది. చక్రాల గడ్డికోత మిషన్ ₹62,000 చెబుతున్నారు. మా పాత 100 సీసీ బైక్ ఇంజిన్‌తో అలాంటిదే ₹24,000కు చేసిస్తానని ఊళ్లో వెల్డర్ అంటున్నాడు. ఆ బైక్ అమ్మితే ₹12,000 వస్తుంది. చేతిలో ₹10,000 ఉంది. బంగారం కుదువపెట్టి కొత్తది కొనాలా, వెల్డర్‌తో చేయించాలా?

జవాబు: రెండూ వద్దు. బైక్ అమ్మండి. ఆ ₹12,000కు చేతిలో ఉన్న ₹10,000 కలిపి 35 సీసీ ఫోర్‌స్ట్రోక్ బ్రష్‌కట్టర్ (భుజానికి తగిలించుకుని గడ్డి కోసే చిన్న మిషన్) కొనండి. బంగారం ఇంట్లోనే ఉంటుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం. మీ ఊరి ధరలు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు మీకు ఏడాదికి అవుతున్నది ₹36,000. బ్రష్‌కట్టర్‌తో ఎకరానికి 8 గంటలు, గంటకు 0.7 లీటరు పెట్రోలు, లీటరు ₹110 అనుకుంటే ఇంధనానికి సుమారు ₹616. నడిపే మనిషికి ₹800. మీరే నడిపినా ఈ ₹800 లెక్కలో వేయాల్సిందే, మీ రోజు ఊరికే రాదు. 3 ఎకరాలు నాలుగుసార్లు అంటే దాదాపు ₹17,000. నైలాన్ తాడు, బ్లేడు, స్పార్క్ ప్లగ్గు, ఆయిల్‌కు ₹3,000 కలిపితే ₹20,000. ఏడాదికి మిగులు ₹16,000. మిషన్ ధర ₹22,000 పదిహేడు నెలల్లోపే తిరిగి వస్తుంది.

₹62,000 మిషన్ ఎకరాన్ని 3 గంటల్లో పూర్తిచేస్తుందనుకుందాం. కూలి, పెట్రోలు, మరమ్మతు కలిపి ఏడాదికి ₹13,600 అవుతుంది. అంటే బ్రష్‌కట్టర్ కన్నా ₹6,400 ఎక్కువ మిగులుతుంది. అందుకు మీరు అదనంగా పెట్టేది ₹40,000. ఎనిమిదేళ్లు పనిచేసినా ఏడాదికి ₹5,000 అరుగుదల. ఆ ₹40,000 బంగారం మీద 10 శాతం వడ్డీకి తెస్తే మొదటి ఏడాది మరో ₹4,000. మిగులు కాస్తా నష్టమైంది. ఇదే మిషన్ పది ఎకరాల రైతుకైతే గిట్టుబాటు అవుతుంది, మూడెకరాలకు కాదు.

ఇక వెల్డర్ మిషన్. దాని ధర ₹24,000 కాదు. అమ్మితే ₹12,000 వచ్చే బైక్‌ను అందులో పెడుతున్నారు, ఆ సొమ్ము కూడా ఖర్చే. సరైన గార్డు, గాలి ఫ్యాను, ఆపే లివర్‌కు ఇంకో ₹5,000 వేయండి. ₹41,000 తేలుతుంది. మూడు సీజన్ల తర్వాత పాత ఇనుము ధర తప్ప ఏమీ రాదు.

అది ఎక్కువ కాలం ఎందుకు నిలవదో కూడా చెప్పాలి. బైక్ ఇంజిన్ చల్లబడేది బండి పరుగెత్తేటప్పుడు తగిలే గాలితో. తోటలో మనిషి నడక వేగంతో, నిండు లోడు మీద నడిస్తే ఆ గాలి ఉండదు. పిస్టన్ పట్టేస్తుంది. రెండోది, బైక్ ఇంజిన్‌కు గవర్నర్, అంటే లోడు మారినా వేగాన్ని అదుపులో ఉంచే భాగం, ఉండదు. దట్టమైన గడ్డి కోసం యాక్సిలరేటర్ పెంచుతారు, గడ్డి అయిపోగానే బ్లేడు వేగం ఒక్కసారిగా రేగిపోతుంది. 20 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొన వేగం గంటకు దాదాపు 287 కిలోమీటర్లు. 4,000 చుట్లకు 383. లాన్ మోవర్ల కొన వేగానికి అమెరికా ప్రమాణం పెట్టిన హద్దు నిమిషానికి 19,000 అడుగులు, అంటే గంటకు 347 కిలోమీటర్లు. బ్లేడు కోసం లారీ కమాన్ పట్టీని కోసి షాఫ్టుకు వెల్డింగ్ చేస్తే వేడి తగిలిన చోట ఉక్కు పెళుసుబారుతుంది, రాయి తగలగానే అక్కడే విరుగుతుంది.

ఇంత చెప్పినా చేయించేవాళ్లు చేయిస్తారు. చేయిస్తే బ్లేడును వెల్డ్ చేయొద్దు, హబ్బుకు బోల్టుతో, లాక్ నట్‌తో బిగించండి. మధ్య రంధ్రంలో మేకు పెట్టి వేలాడదీసి, బరువుగా దిగిన వైపు అరగదీసి రెండు వైపులా సమం చేయండి, లేకపోతే బేరింగులు నెలకొకటి పోతాయి. గార్డు 3 మిల్లీమీటర్ల రేకుకు తగ్గకూడదు. చేయి వదలగానే ఇంజిన్ ఆగిపోయేలా ఇగ్నిషన్ వైరును హ్యాండిల్ లివర్‌కు కలపండి. బైక్‌ను విప్పాక 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి.

బ్రష్‌కట్టర్ కొన్నాక కూడా సొంత ప్రయోగం ఒకటి చాలా చోట్ల జరుగుతుంది: నైలాన్ తాడు అరిగిపోతోందని జీఐ తీగో, క్లచ్ కేబులో, గొలుసు ముక్కో కట్టడం. తాడు మీద ఏడాదికి వెయ్యి మిగిలించబోయి తెగిన ముక్కను తూటాలా ఎగరేసుకోవడమే ఇది. గొలుసులా అతికించిన లోహపు ముక్కల అటాచ్‌మెంట్లను నిషేధించాలని ఐరోపా సంఘం 2012 జనవరిలో సభ్య దేశాలను ఆదేశించింది. కోసేటప్పుడు చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదు. డ్రిప్ పైపులు ముందే పక్కకు లాగండి. చెట్టు మొదలు చుట్టూ రెండడుగుల మేర గడ్డి చేత్తోనే పీకించండి. తాడు తగిలి బెరడు లేస్తే బంక తెగులుకు దారి ఇచ్చినట్టే, ఒక కాపు చెట్టు పోతే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

సబ్సిడీ సంగతి. కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు ఇస్తారు. దానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. 3 ఎకరాలు కాబట్టి మీరు చిన్న రైతు కిందకు వస్తారు. పరీక్షలో పాసైన, జాబితాలో ఉన్న కంపెనీ మిషన్‌కే అది దక్కుతుంది, వెల్డింగ్ షాపు మిషన్‌కు దక్కదు. మంజూరు పత్రం రాకముందే కొంటే పోయినట్టే. ముందు మండల వ్యవసాయాధికారినో ఉద్యాన అధికారినో అడిగి, ఈ ఏడాది టార్గెట్ మిగిలి ఉందో లేదో తెలుసుకోండి. వస్తే బైక్ సొమ్ముతోనే దాదాపు పని జరిగిపోతుంది.

చివరిగా బీమా. రైతు బీమా ₹5 లక్షలు మరణానికే, అదీ 18 నుంచి 59 ఏళ్ల వారికే. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి ₹20 ప్రీమియంతో ప్రమాద మరణానికి ₹2 లక్షలు, ఒక కన్నో, ఒక చేయో, ఒక పాదమో శాశ్వతంగా పనికిరాకుండా పోతే ₹1 లక్ష ఇస్తుంది. రెండు వేళ్లు తెగితే ఏమీ రాదు. గడ్డి మిషన్లతో ఎక్కువగా పోయేవి వేళ్లే. అందుకే పాక్షిక వైకల్యానికి, పని చేయలేని వారాలకు కూడా చెల్లించే వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోండి. మిషన్ కూలీ చేత నడిపిస్తే అతనికి జరిగే గాయానికి పరిహారం బాధ్యత మీదే, అతన్నీ ₹20 పాలసీలో చేర్పించండి. ఆ పాలసీ జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే రెన్యువల్ ఆగిపోతుంది.