మెట్లబావి కథకు క్లైమాక్స్

తమ్మీ, వరంగల్ శివనగర్ మెట్లబావి మీద నువ్వు పెట్టిన హారర్ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు మొత్తం చదివిన. క్లైమాక్స్ ఎట్లుండాలె అని అడిగినవ్ గదా. అంతసేపు మెల్లమెల్లగ భయపెట్టి, చివర్ల "ఇదంతా కల" అంటే చూసే దోస్తులకు కోపం రాదా? ఆ కలను తీసెయ్యి. జవాబు నీ మొదటి సీన్లనే ఉన్నది. చీకటి పడ్డంక నీళ్లు ముట్టద్దని అమ్మమ్మ చెప్పినా పిల్ల బిందె ముంచుతది. తర్వాత ఆ బిందె ఎక్కడా కనబడదు! దాన్ని ఇంట్లనే ఉంచు. సీను సీనుకు బావిల నీళ్లు ఒక్కో మెట్టు పైకి రావాలె. ఆఖరి మెట్టు మునిగినంక బిందెను తిరిగి ఎవరు తీస్కపోతరో, అదే నీ క్లైమాక్స్. దయ్యం మొఖం చూపియ్యకున్నా పర్వాలేదు, పిల్లకు ఏమైందో మాత్రం దాచకు. 2018ల వచ్చిన హిందీ హారర్ సినిమా 'తుంబాడ్' చూడు, మొదట్ల నాటిన అత్యాశే చివరిదాంక కథను నడిపిస్తది. బావి షాట్లు పొద్దు గూకకముందే తియ్యి, మెట్లు లెక్కవెట్టేటట్టు కనబడాలె.