మాట్లాడటం రాదని డిస్కషన్ గ్రూపుకి దూరంగా ఉండకండి

కాలేజీలో లీడర్‌షిప్, క్యారెక్టర్ మీద డిస్కషన్ గ్రూపు పెడుతున్నారు, నలుగురిలో నోరు విప్పాలంటే నాకు టెన్షన్, చేరితే లాభముందా అని అడిగారు. తప్పకుండా చేరండి. నోరున్నవాళ్ల కంటే మీలాంటివాళ్ల అవసరమే అక్కడ ఎక్కువ. ఓదార్పుకి అనడం లేదు, కళ్లారా చూశాను.

మా ఇంజనీరింగ్ రోజుల్లో ఇలాంటి గ్రూపు ఉండేది. క్లాసులయ్యాక ఖాళీ గదిలో బెంచీలు పక్కకు జరిపి కూర్చునేవాళ్లం. ఒకసారి ఛాలెంజర్ ప్రమాదం గురించి మాట్లాడుకున్నాం. 1986 జనవరి 28న ఆ స్పేస్ షటిల్ పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ముందురోజు రాత్రే ఫోన్ మీటింగులో మొత్తుకున్నారు, ఇంత చలిలో రబ్బరు సీళ్లు సరిగ్గా పనిచేయకపోవచ్చు, ఆపండి అని. నాసా నుంచి ఒత్తిడి రాగానే వాళ్ల మేనేజర్లు మాట మార్చేశారు. ప్రయోగ కేంద్రంలో ఉన్న కంపెనీ అధికారి అలన్ మెక్‌డొనాల్డ్ మాత్రం ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టనన్నాడు. ఆయన పైఅధికారి పెట్టాడు.

మా గ్రూపులో ఫైనలియర్ సీనియర్ ఒకాయన బాగా మాట్లాడేవాడు. "నేనైతే ఉద్యోగం పోయినా సంతకం పెట్టను" అన్నాడు. అందరూ అవునంటే అవునన్నారు. అంతసేపూ పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ కూర్చున్న ఒక జూనియర్ అమ్మాయి అప్పుడు నోరు తెరిచింది. "అన్నా, ల్యాబ్ రికార్డులో మనం రాసే రీడింగులన్నీ మనం తీసినవేనా? కింద సంతకం మనదే కదా?" ఎత్తిపొడుపు లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

ఆయన నవ్వేసి దాటేయొచ్చు. అలా చేయలేదు. బ్యాగులోంచి రికార్డు తీసి ఒక గ్రాఫ్ చూపించాడు. "ఈ చివరి మూడు పాయింట్లు నేను తీసినవి కావు. లైన్ తిన్నగా రావాలని పెట్టినవి." ఇక ఆ సాయంత్రం ఛాలెంజర్ మాటే లేదు. వంకర గ్రాఫ్ చూపిస్తే మార్కులు ఎందుకు తెగుతాయి, నిజం రాసినవాడే ఎందుకు నష్టపోవాలి అని చీకటి పడేదాకా వాదించుకున్నాం. తర్వాత ఆయన ల్యాబ్ సార్‌ని అడిగి ఆ ప్రయోగం మళ్లీ చేశాడు. లైన్ వంకరగానే వచ్చింది. దాన్నే రికార్డులో అంటించాడు.

లీడర్‌షిప్ మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఆయన ఆ పని చేసేవాడు కాదు. వేదిక మీద నుంచి చెప్పేవాళ్లు మన రికార్డు తెరిచి చూడరు. వారం వారం ఎదురుగా కూర్చునేవాళ్లే చూస్తారు.

1950ల మొదట్లో సాల్మన్ యాష్ అనే మనస్తత్వవేత్త కాలేజీ విద్యార్థులకు గీతలు చూపించి, ఏ రెండింటి పొడవు సమానమో చెప్పమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతుంటే, దాదాపు ముప్పావు వంతు మంది ఒక్కసారైనా తమ కళ్లను కాదని గుంపుతో కలిశారు. అదే, గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెబితే చాలు, అలా లొంగిపోవడం బాగా తగ్గింది. ఆ ఒక్కరికీ పెద్ద గొంతు అక్కర్లేదు. మా గ్రూపులో ఆ ఒక్కరు ఆ అమ్మాయే.

ఒక్కటి మాత్రం చూసుకోండి. చాలా కాలేజీల్లో డిస్కషన్ గ్రూపు అనగానే ప్లేస్‌మెంట్ల జీడీ (ఉద్యోగ ఎంపికలో పెట్టే గ్రూప్ డిస్కషన్) ప్రాక్టీస్‌గా మార్చేస్తున్నారు. అవతలివాడి మాట మధ్యలో తుంచేసినవాడికి మార్కులు! దాంతో పిల్లలకు వినే అలవాటే పోతోంది, ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. సర్టిఫికెట్లు, ఫొటోలు, హాలు నిండా జనం ఉంటే అది డిస్కషన్ గ్రూపు కాదు. పదిమంది దాటితే రెండుగా విడిపోవడమే మంచిది. లెక్చరర్ వచ్చి కూర్చుంటే అందరూ ఆయనకు నచ్చే జవాబులే చెబుతారు, కాబట్టి వీలైతే విద్యార్థులే నడుపుకోవాలి.

మీ దగ్గరిది అలాంటి జీడీ క్లాసే అయితే, మీరే ఐదారుగురితో మొదలుపెట్టండి. మొదటి వారానికి ఛాలెంజర్ కేసే తీసుకోండి. ఆ ప్రమాదంపై విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ 1986 జూన్‌లో ఇచ్చిన నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ముందురోజు రాత్రి ఫోన్ మీటింగు గురించిన భాగం ఒక్కటి అందరూ చదివి రండి.