కొత్త నాటకాన్ని చివరికి నెట్టకు

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన నాటకాల జాబితా అందాయి. మన నాటక సమాజం బాధ్యత నీ చేతికి వచ్చాక ఇది మొదటి సీజన్. కన్యాశుల్కం, వరవిక్రయం, సత్య హరిశ్చంద్ర, ఆత్రేయ గారి ఎన్.జి.ఓ., ఆఖరున మీ కుర్రాళ్లు రాసుకున్న కొత్త నాటకం. ఆరు నెలల్లో అయిదు. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. మళ్లీ మళ్లీ చదివాక కొన్ని మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా ఆ కొత్త నాటకాన్ని ఆఖరు నుంచి తీసెయ్. మేమూ ఒక ఏడాది అలాగే పెట్టాం. దాని వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు లేదు. ఉద్యోగాలు చేసుకునే నటులకు సెలవులు మిగల్లేదు. పదకొండు రోజుల రిహార్సల్స్‌తో ఎక్కించేశాం. మంచి నాటకం అది. రెండో రంగంలో ఇద్దరు మాటలు మర్చిపోయారు, జనం లేచిపోవడం మొదలుపెట్టారు. ఆ రాత్రి వింగ్‌లో నిలబడి చూస్తున్న రచయిత ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ అబ్బాయి మళ్లీ నాటకం రాయలేదు. ఆ తప్పు మాది.

పాత నాటకానికి నడిచిన దారి ఉంటుంది. కన్యాశుల్కంలో గిరీశం ఎలా నిలబడతాడో, వరవిక్రయంలో లింగరాజు డబ్బు దగ్గర ఎలా ముడుచుకుపోతాడో మన నటులు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. కొత్త పాత్రను ఎవరూ చూసి ఉండరు. కాగితం మీద బాగున్న మాట నోట్లో తిరగదు. రచయిత రిహార్సల్‌లో కూర్చుని మార్చాలి, మార్చింది మళ్లీ నోటికి రావాలి. పాతదానికి నెల ఇస్తే కొత్తదానికి నెలన్నర ఇవ్వు. మనవాళ్లు సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తారు.

అది పెళ్లిసంబంధాల కథ అని రాశావు. అలాగైతే దాని చోటు మూడోది. కన్యాశుల్కంలో ఆడపిల్లకు వెల కడతారు. వరవిక్రయంలో మగపిల్లవాడికి కడతారు. ఈ రెండూ వరసగా చూసిన మనిషి వచ్చే నెల మీ నాటకానికి వచ్చి కూర్చుంటే, ఇవాళ్టి బేరం ఏమిటో నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మనిషి మూడింటికీ రావాలి కాబట్టి మూడింటికీ కలిపి ఒకే టికెట్ పెట్టు, విడివిడిగా కొనేదానికన్నా బాగా తగ్గించి. మొదటి నాటకం రోజునే హాలు గుమ్మం దగ్గర బల్ల వేసి అమ్మండి. నాటకం బాగుందనుకుంటూ బయటికొచ్చే అయిదు నిమిషాల్లో కొన్నంతగా తర్వాత ఎవరూ కొనరు.

కన్యాశుల్కం గురించి కాస్త ఎక్కువ రాస్తాను. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. మనందరం చదువుకునేది మాత్రం గురజాడ వారు బాగా పెంచి తిరగరాసిన 1909 నాటిది. ఏడంకాలు. ఉన్నదున్నట్టు ఆడితే తెల్లవారుతుంది, కాబట్టి కత్తెర తప్పదు. ఎక్కడ వేస్తావన్నదే ప్రశ్న. చాలామంది గిరీశం, వెంకటేశం నవ్వులన్నీ ఉంచుకుని వితంతువులైన మీనాక్షినీ, బుచ్చమ్మనూ కోసేస్తారు. హాలంతా నవ్వుతుంది, కానీ ఆయన ఆ నాటకం ఎందుకు రాశారో అది మాయమైపోతుంది. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకి కట్టబెడతారన్న భయం మొదటి అరగంటలోనే ప్రేక్షకుడి గుండెలో పడాలి. ఆ పెళ్లి తప్పించడానికి కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించే కథ ఎంత పొడుగైనా ఉంచు. అది పోతే వేశ్య అయిన మధురవాణికి చేసే పని ఉండదు, ఊరికే అందంగా తిరిగే మనిషైపోతుంది. ఆఖరున వకీలు సౌజన్యారావు పంతులు ముందు జరిగే సంభాషణలో ఒక్క మాట కూడా తీయొద్దు. బైరాగి, పోలీసు రంగాలు తగ్గించుకోవచ్చు. నాకవి చాలా ఇష్టం, అయినా తగ్గించుకోవచ్చు.

భాష మాత్రం ముట్టుకోకు. ఎవరికీ అర్థం కాదేమోనని ఆ విజయనగరం మాటను పుస్తకాల భాషలోకి మార్చినవాళ్లను చూశాను, నాటకం చచ్చిపోయింది. మొదటి వారం అందరినీ కింద కూర్చోబెట్టి గట్టిగా చదివించు. అటువైపు మనిషి ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకో. యాస వెక్కిరింతలా వినిపించకూడదు. ఇంట్లో మాట్లాడుకున్నట్టు వచ్చాకే లేచి నిలబడనివ్వు.

హరిశ్చంద్ర నాలుగోది చెయ్యి. హార్మోనియం వాయించే మనిషి, శ్రుతిలో నిలబడే గొంతులు ముందు దొరకాలి, ఆ తర్వాతే తేదీ. పద్యం ఆడేవాళ్లలో రాగం తీస్తూ భావం వదిలేసేవాళ్లు ఎక్కువ. పద్యాన్ని మొదట వచనంలా చెప్పించు, దేనికి ఏడుస్తున్నాడో తెలిశాక పాడించు. వన్స్ మోర్ అంటే ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి. కాటి సీనులో అస్సలు ఒప్పుకోవద్దని నా మాట.

ఆ కాటి సీను దగ్గరే హక్కుల సంగతి వస్తుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు హక్కులు ఉంటాయి, మరుసటి సంవత్సరం మొదలు నుంచి లెక్క. గురజాడ 1915లో, వరవిక్రయం రాసిన కాళ్లకూరి 1927లో, హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి 1953లో పోయారు కాబట్టి వాళ్ల నాటకాలకు ఇబ్బంది లేదు. కానీ కాటి సీనులో మనవాళ్లు అలవాటుగా పాడే పద్యాలు కొన్ని కవి జాషువా గారివి. ఆయన పోయింది 1971లో. అంటే 2031 చివరిదాకా హక్కులు ఉన్నట్టే. ఆత్రేయ గారు 1989లో పోయారు, ఎన్.జి.ఓ.కి 2049 చివరిదాకా. టికెట్ పెట్టి ఆడుతున్నప్పుడు రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకో. ఫోన్‌లో సరే అన్నారు అన్న మాట మీద పోస్టర్ వెయ్యొద్దు. ఆ అనుమతికి టైమ్ పడుతుంది కాబట్టి ఎన్.జి.ఓ.ని వచ్చే ఏటికి ఉంచుకో. అయిదు నాటకాలు మీ బలగానికి ఎక్కువ కూడా. నాలుగే బాగా చెయ్యండి.

తేదీలు హాలు దొరికినదాన్ని బట్టి పెట్టుకుంటారు అందరూ. నువ్వు ముందు ఆడపాత్రలు వేసేవాళ్లను అడుగు. ఒక్కో ఆవిడ నాలుగైదు సమాజాలకు ఆడుతుంది, నాటక పరిషత్తు పోటీల రోజుల్లో ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది. మధురవాణి వేసే అమ్మాయికి ఖాళీ లేని రోజున హాలు దొరికి ఏం లాభం? రానూ పోనూ ఖర్చు, పడుకోవడానికి గౌరవమైన చోటు, పారితోషికం ముందే మాట్లాడి, తెర దిగిన రాత్రే చేతిలో పెట్టు. మగవాళ్లకు ఆలస్యమైనా సర్దుకుంటారేమో గానీ, ఆమెను రాత్రి పన్నెండింటికి డబ్బు కోసం నిలబెట్టకు. మార్చి నెల వదిలెయ్, పిల్లల పరీక్షలతో ఇంటిల్లిపాదీ టెన్షన్‌లో ఉంటారు.

ఇంకొకటి, మైకులు. స్టేజి ముందు మూడు మైకులు నిలబెడితే నటులంతా వాటి దగ్గరికే నడిచొచ్చి మాట్లాడతారు, నువ్వు నెలరోజులు నేర్పిన కదలికలన్నీ పోతాయి. హరిశ్చంద్రకు ఫర్వాలేదు. మిగతా మూడింటికీ పైనుంచి వేలాడేవి గానీ కాలర్ మైకులు గానీ తెప్పించి, ఆట ముందురోజు సాయంత్రం ఆ హాల్లోనే, మేకప్‌తో, లైట్లతో పూర్తిగా ఒకసారి ఆడించు. ఆ ఒక్క పూట అద్దెకు డబ్బు చాలకపోతే సెట్టింగులో ఒక తెర తగ్గించుకో.

కన్యాశుల్కం కుదించిన ప్రతి తయారయ్యాక నాకు పంపు. కళ్లు సరిగ్గా కనపడటం లేదు, అక్షరాలు పెద్దవిగా వేయించు. కొత్త నాటకం కూడా పంపమని ఆ కుర్రాళ్లకు చెప్పు. మొదటి రీడింగ్ రోజు ఎప్పుడో తెలిస్తే ముందురోజే బయల్దేరి వస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి