ట్రాక్టరు పీటీఓతో నడిచే చిప్పర్ల నాణ్యత: ఆయిల్ పామ్, మామిడి తోటల్లో వాడిన అనుభవం

మీ దగ్గర 45 హెచ్‌పీ ట్రాక్టరు ఉందనీ, ఆయిల్ పామ్ తోటతో పాటు కొంత పాత మామిడి తోట ఉందనీ, నరికిన మట్టలనూ కత్తిరించిన కొమ్మలనూ ముక్కలు చేసేందుకు పీటీఓతో (ఇంజను శక్తిని బయటి యంత్రానికి అందించే, ట్రాక్టరు వెనకనున్న తిరిగే ఇరుసుతో) నడిచే చిప్పర్ కొనదలిచారనీ రాశారు. కంపెనీ యంత్రం మన్నుతుందా, స్థానిక వెల్డింగ్ షెడ్డులో చేయించుకున్నది సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఇవే రెండు పంటల్లో అలాంటి యంత్రాన్ని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. చుట్టుపక్కల రైతుల దగ్గరున్న షెడ్డు యంత్రాలనూ, కోనసీమలో మా బంధువులు కొబ్బరి మట్టలకు వాడే యంత్రాన్నీ దగ్గరుండి చూశాను. రేకు మందాన్నీ, రంగునూ, కరపత్రంలో వేసిన హెచ్‌పీ అంకెనూ చూసి ఈ యంత్రాల నాణ్యత తేల్చలేము. తిరిగే బ్లేడు స్థిరంగా ఉన్న ఎదురు బ్లేడును దాటే చోటు, రోటరును, అంటే బ్లేడ్లు బిగించిన తిరిగే భాగాన్ని మోసే బేరింగులు, మట్టను పట్టి లోపలికి నెట్టే రోలర్లు ఎలా ఉన్నాయో చూస్తే యంత్రం ఎన్నాళ్లు పనిచేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

కొనేముందు మీరు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. మామిడి కొమ్మకూ ఆయిల్ పామ్ మట్టకూ ఒకే యంత్రం సమానంగా పనిచేయడం అరుదు. మామిడి కొమ్మ గట్టిదే అయినా పదునైన బ్లేడుకు శుభ్రంగా తెగుతుంది. పామ్ మట్ట మెత్తగా, తడిగా, పొడవాటి నారతో ఉంటుంది. మొదలు దగ్గర లావుగా, అంచుల వెంట ముళ్లతో ఉండి, చివరికి వచ్చేసరికి ఆకులూ ఈనెలూ తప్ప ఏమీ మిగలదు. బ్లేడు పదును కొద్దిగా తగ్గినా, ఎదురు బ్లేడుతో సందు కొద్దిగా పెరిగినా ఆ నార తెగదు. మడతపడి సందులోంచి జారిపోయి, ఇరుసు చుట్టూ బిగుసుకుని, చివరికి బేరింగు సీలును కూడా తినేస్తుంది. కొమ్మల కోసమే రూపొందించిన యంత్రాన్ని తెచ్చుకుని మట్టలు వేసి, నాణ్యత లేదని వాపోయిన యజమానులను నేను చాలామందినే చూశాను. అలాంటి యంత్రాల్లో కొన్ని నిజానికి మంచివే. వాటికి అప్పజెప్పిన పనే వేరు.

మీ తోటలో ఏ పదార్థం ఎక్కువో లెక్క వేసుకోండి. ఆయిల్ పామ్‌ను 9 మీటర్ల త్రిభుజ పద్ధతిలో నాటితే హెక్టారుకు 143 చెట్లు, అంటే ఎకరాకు 57 దాకా వస్తాయి. ఎదిగిన చెట్టు ఏడాదికి 20కి పైగా కొత్త మట్టలు వేస్తుంది. దాదాపు అన్నే పాత మట్టలు నరకాల్సి వస్తుంది. ఆ ప్రకారం ఎకరాకు ఏటా వెయ్యికి పైగా మట్టలు. మామిడి కత్తిరింపు ఏడాదిలో ఒక్క కాలంలో వచ్చే పని. కాబట్టి మట్టలకు నప్పే యంత్రాన్ని ఎంచుకుని, దానితోనే మామిడిలో చేతి మణికట్టంత లావు కొమ్మల వరకు కానిచ్చి, అంతకన్న పెద్ద దుంగలను వంటచెరకుగా పక్కన పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. పామ్ మట్టలకు, వెడల్పు నోరు ఉండి రోలర్లతో లాక్కునే డ్రమ్ము రకం (బ్లేడ్లు గుండ్రటి పీపా మీద ఉండేది) బాగా నప్పుతుంది. డిస్కు రకం (బ్లేడ్లు చదునైన చక్రం మీద ఉండేది) ముక్కలను సమానంగా ఇస్తుంది గానీ ఆకుల గుత్తి ఒక్కసారిగా వస్తే తడబడుతుంది. సుత్తులతో నలగగొట్టే ష్రెడ్డర్ ఎండు కొబ్బరి మట్టలకు పనికొస్తుంది. పచ్చి మట్ట వేస్తే ముక్కలకు బదులు పీచు కుప్ప ఇస్తుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది.

బ్లేడు విషయం కొంత వివరంగా చెప్పాలి. పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 9 సార్లు. పీటీఓకు నేరుగా కలిపిన రోటరుకు రెండు బ్లేడ్లుంటే సెకనుకు 18 కోతలు పడతాయి. రోలర్లు మట్టను నిమిషానికి 12 మీటర్ల వేగంతో, అంటే సెకనుకు 200 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి పంపుతుంటే ఒక్కో ముక్క 11 మిల్లీమీటర్ల పొడవు వస్తుంది. రోలర్ల వేగం స్థిరంగా ఉన్నంతసేపు ముక్కలు ఇదే కొలతలో పడాలి. యంత్రాన్ని చూడబోయినప్పుడు బయట పడిన కుప్పలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడండి. కొన్ని ముక్కలు చిన్నవి, కొన్ని జానెడు పొడవు, మధ్యలో నలిగిన పీచు కనిపిస్తే, పదును పోయిందో, సందు పెరిగిందో, రోలరు జారుతోందో అనుకోవాలి. ఎంత గంభీరంగా శబ్దం చేస్తుందో చూసి యంత్రాన్ని మెచ్చుకునే అలవాటు మనలో ఉంది గానీ, ఆ గుప్పెడు ముక్కలు చెప్పినంత నిజం ఆ శబ్దం చెప్పదు.

ఎదురు బ్లేడు విడిగా బోల్టులతో బిగించి, ముందుకు వెనక్కు జరుపుకునేలా ఉండాలి. కొన్ని షెడ్డు యంత్రాల్లో దాని స్థానంలో ఒక ఇనుప పట్టీని వెల్డింగ్ చేసేస్తారు. కొత్తలో బాగానే కోస్తుంది. పట్టీ అంచు గుండ్రబడిన తర్వాత సందు తగ్గించుకునే మార్గం ఉండదు, మళ్లీ కోసి అతకాల్సిందే. నేనైతే ఈ ఒక్క లోపం కనిపిస్తే, ధర ఎంత తక్కువైనా ఆ యంత్రాన్ని వదిలేస్తాను. కదిలే బ్లేడ్లు రెండు అంచులా పదును ఉండి, ఒక అంచు అరిగాక తిప్పి బిగించుకునేవి అయితే పని కాలంలో ఎంతో వెసులుబాటు. నేల మీద ఈడ్చుకొచ్చిన మట్టలకు అంటిన ఇసుకే పదునుకు పెద్ద శత్రువు కాబట్టి, మట్టలను ట్రాలీలో మోసుకొచ్చే ఏర్పాటు చేసుకుంటే బ్లేడు ఆయుష్షు గణనీయంగా పెరుగుతుంది.

సాన పట్టించేటప్పుడు మాత్రం వెల్డింగ్ షాపులో చేతి గ్రైండర్‌తో చేయించకండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు వేడెక్కి గట్టిదనం కోల్పోయినట్టే. ఆ బ్లేడు తర్వాత ఎంత సాన పట్టినా నిలవదు. నీళ్లు పోస్తూ సాన పట్టే సర్ఫేస్ గ్రైండర్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతాయి. రెండు బ్లేడ్లనూ ఒకేసారి ఇచ్చి, తిరిగి వచ్చాక రెండింటినీ డిజిటల్ త్రాసులో తూచి బరువు సమానంగా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే రోటరు అదురుతుంది, ఆ అదురు బేరింగులకు చేరుతుంది. బ్లేడ్లను పట్టే బోల్టు తల మీద బలాన్ని సూచించే 10.9 అనో, కనీసం 8.8 అనో అంకె ఉండాలి. ఏ అంకే లేని మామూలు బోల్టు అక్కడ ఉంటే, తయారుచేసినవారు మిగతా చోట్ల కూడా అంతే శ్రద్ధ పెట్టారని అనుకోవచ్చు.

రోటరు బరువుగా ఉండడం మంచిదే, అయితే ఆ బరువు వేగంతో ఉన్నప్పుడే పనికొస్తుంది. తిరిగే చక్రంలో నిలవుండే శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది, తరుగుతుంది. 540 తిరగాల్సిన రోటరు లావు మట్ట తగిలి 430కి పడిపోతే అందులోని శక్తిలో మూడో వంతుకు పైగా పోయినట్టే. అందుకే మంచి యంత్రాల్లో వేగం పడిపోగానే రోలర్లను తనంతట తానే ఆపి, రోటరు పుంజుకున్నాక మళ్లీ నడిపే ఏర్పాటు ఉంటుంది. దీనికి ధర ఎక్కువే. పామ్ మట్టలు వేసేవారికి మాత్రం ఆ అదనపు ధర పూర్తిగా గిట్టుబాటు అవుతుందని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే యంత్రం నోరు పూడుకుపోయి, మూత విప్పి, చుట్టుకున్న నారను కొడవలితో కోసి తీసే పనిలోనే కూలీల సమయం అంతా పోతుంది.

బేరింగుల సంగతి తెలుసుకోవడానికి ఖాళీగా అరగంట నడిపించండి. ఆ తర్వాత ఇంజను ఆపి, రోటరు పూర్తిగా నిలిచాక బేరింగు గూళ్ల మీద చెయ్యి వేయండి. చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే బిగింపులోనో, వరుసలోనో, బేరింగులోనో దోషం ఉంది. మా పక్క రైతు చేయించుకున్న షెడ్డు యంత్రంలో బేరింగు గూడును మోసే పలక పలచనిది. రెండో ఏడు వచ్చేసరికి అక్కడి వెల్డింగ్ పగిలింది, ఇరుసు వరుస తప్పింది, ఆపైన కొత్త బేరింగు ఎన్నిసార్లు వేసినా నిలవలేదు. తప్పు బేరింగుది కాదని తేలేసరికి చాలా డబ్బు ఖర్చయింది.

అలాగని కంపెనీ యంత్రం అన్నిటా మెరుగని చెప్పను. నా యంత్రం కోత విషయంలో నాకు తృప్తినిచ్చింది. కానీ హైడ్రాలిక్ రోలరు గొట్టం పగిలినప్పుడు సరైన కొలత గొట్టం తెప్పించడానికి తోట పని మొత్తం ఆగిపోయేంత ఆలస్యమైంది, అమ్మిన డీలరు విడిభాగాలు తన బాధ్యత కాదన్నారు. షెడ్డు యంత్రానికి ఆ ఇబ్బంది లేదు, తయారుచేసిన మేస్త్రీ పక్క ఊరిలోనే ఉంటాడు. అయితే ఒకే షెడ్డులో తయారైన రెండు యంత్రాల బ్లేడు రంధ్రాలు కూడా కలవకపోవడం చూశాను. మేస్త్రీ పని మానేస్తే ఆ యంత్రానికి దిక్కు లేదు. రెండింటి మధ్య నా సలహా అడిగితే, బ్లేడు, బేరింగు, బెల్టు బజారులో దొరికే కొలతల్లో ఉన్న కంపెనీ యంత్రానికే మొగ్గుతాను.

ఇక మీ ట్రాక్టరు సంగతి. 45 హెచ్‌పీ ఇంజను నుంచి పీటీఓ దగ్గరికి వచ్చేది సుమారు 38 నుంచి 40 హెచ్‌పీ మాత్రమే. యంత్రానికి 45 కావాలని రాసి ఉంటే అది ఇంజను లెక్కా, పీటీఓ లెక్కా అని అడిగి తెలుసుకోండి. ట్రాక్టరు నడకకూ పీటీఓకూ వేర్వేరుగా పనిచేసే డబుల్ క్లచ్ ఉన్న ట్రాక్టరు అయితే సౌకర్యం. బరువైన రోటరు ట్రాక్టరును వెనకనుంచి తిప్పకుండా, ఒకవైపే లాగే ఓవర్‌రన్నింగ్ క్లచ్, పీటీఓను చిప్పర్‌కు కలిపే జాయింటు షాఫ్టులో తప్పనిసరిగా ఉండాలి. పీటీఓను ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడే కలిపి, తర్వాత మీటరు మీద 540 గుర్తు వరకు వేగం పెంచాలి. డీజిల్ పొదుపు కోసం ఇంజను వేగం తగ్గించి 540 ఇచ్చే ఎకానమీ గేరు ఈ పనికి చాలదు. భారం మితిమీరితే ముందుగా తానే తెగి మిగతా భాగాలను కాపాడే షియర్ బోల్టు తెగిందంటే అది తన పని తాను చేసింది. మళ్లీ మళ్లీ తెగుతోందని దాని స్థానంలో గట్టి బోల్టు వేస్తే తర్వాత తెగేది గేరుబాక్సు.

నాణ్యతలో భాగంగా నేను చూసే మరో విషయం మనుషుల రక్షణ, ఇందులో రాజీ పడవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా సెకనుకు 9 చుట్లు తిరుగుతుంటే, వేలాడే తువ్వాలు గానీ, లుంగీ అంచు గానీ, చీర కొంగు గానీ తగిలిన మనిషికి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. మట్టలు వేసే తొట్టి, అంటే హాపర్ నోటి నుంచి బ్లేడు వరకు దూరం మనిషి చెయ్యి చాచినా అందనంత ఉండాలి. ధర తగ్గించడానికి షెడ్లలో మొదట కురచ చేసేది ఈ హాపర్‌నే. రోలర్లను ఆపి వెనక్కి తిప్పే పిడి, మట్టలు వేసే మనిషి ఎటు నిలబడినా తుంటితోనైనా నెట్టగలిగే చోట ఉండాలి. ఇవి లేని యంత్రం దగ్గర మా కూలీలను నేను నిలబెట్టను. పామ్ ముళ్లు చొక్కాకు తగులుకుని మనిషిని మట్టతో పాటే లాగుతాయి కాబట్టి, మట్ట మొదలును ముందు వేసి, రోలరు పట్టిన వెంటనే చెయ్యి వదిలి పక్కకు జరగడం అందరికీ నేర్పించాలి. పూడుకున్నప్పుడు ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, రోటరు నిలిచాకే మూత తీయాలి.

డబ్బు కట్టేముందు రెండు పనులు చేయండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మీరు చూస్తున్న మోడలుకు అలాంటి సంస్థ ఇచ్చిన పరీక్షా నివేదిక ఉందేమో డీలరును అడగండి. ఉంటే అందులో డీజిల్ ఖర్చు, గంటకు ఎంత పని, బ్లేడు ఉక్కు గట్టిదనం వంటి వివరాలు చూసుకోవచ్చు. యాంత్రీకరణ పథకం కింద రాయితీ ఆశిస్తుంటే ఆ నివేదిక ఎలాగూ అవసరపడుతుంది, కానీ రాయితీ జాబితాలో ఉన్నంత మాత్రాన మీ మట్టలకు నప్పుతుందని అనుకోవద్దు. ఆ తర్వాత, యంత్రాలను అద్దెకిచ్చే దగ్గరలోని కస్టమ్ హైరింగ్ సెంటరు నుంచో, కొన్న రైతు నుంచో అదే మోడలును అద్దెకు తెచ్చి మీ తోటలో, మీ ట్రాక్టరుకే తగిలించి, అదే రోజు నరికిన పచ్చి మట్టలు వేసి చూడండి. ప్రదర్శనకు తెచ్చేవారు సాధారణంగా ఎండు కొమ్మలే వేసి చూపిస్తారు. సంతృప్తి కలిగితే, ఒక జత అదనపు బ్లేడ్లు, ఒక ఎదురు బ్లేడు యంత్రంతో పాటే తీసుకుని, బేరింగుల నంబర్లూ బెల్టు కొలతా హైడ్రాలిక్ గొట్టం కొలతా బిల్లు మీదే రాయించుకోండి.