కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లే ముందు

అమ్మాయీ,

ఇన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి ఒక్కో కుటుంబం కష్టం చూసుకున్నదానివి, ఇప్పుడు వార్డు మొత్తం ఆరోగ్యం నెత్తికెత్తుకున్నావు. సంతోషం. కౌన్సిల్‌లో ఏం మాట్లాడాలా అని టెన్షన్ పడుతున్నావట. మాట్లాడటం తర్వాత సంగతి, ముందు చేతిలో ఏముందో చూసుకో.

"మా వీధిలో పారిశుద్ధ్యం బాగాలేదు" అంటే ఏ అధికారైనా "చూస్తాం" అంటాడు. ఆ మాటకు అంతకు మించి జవాబు రాదు కూడా. ఫలానా కాలువ ఫలానా తేదీ నుంచి పొంగుతోంది, పక్కనున్న ఇన్ని ఇళ్లలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి, బాగుచేయాల్సింది ఫలానా విభాగం అని కాగితం మీద పెట్టు. రోగుల పేర్లు మాత్రం రాయకు. అవి నిన్ను నమ్మి చెప్పుకున్న విషయాలు. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రసీదు అడుగు, మొహమాటపడకు.

అమెరికాలోని షికాగోలో జేన్ ఆడమ్స్ అనే సమాజ సేవకురాలి దారి ఇదే. 1889లో స్నేహితురాలితో కలిసి హల్ హౌస్ అనే సేవా కేంద్రం పెట్టి, వలస వచ్చిన కుటుంబాల బాగోగులు చూసేది. వీధుల్లో చెత్త కుళ్లి జనం జబ్బు పడుతుంటే, అక్కడి ఆడవాళ్లు కొందరు సందులు తిరిగి, వెయ్యికి పైగా ఉల్లంఘనలు రాసి ఆరోగ్యశాఖకు పంపారు. అదీ చాలక ఆవిడ చెత్త ఎత్తే కాంట్రాక్టుకే టెండరు వేసింది! కాంట్రాక్టు దక్కలేదు గానీ, 1895లో మేయరు ఆవిడనే ఆ వార్డు చెత్త ఇన్‌స్పెక్టరుగా వేశాడు. పొద్దున్నే లేచి బండ్ల వెంట తిరిగేది. ఒక ఇరుకు వీధిలో 18 అంగుళాల చెత్త తీస్తే గానీ కింద రోడ్డుందని తెలియలేదట.

ఇక డబ్బు సంగతి. బడ్జెట్ సభకొచ్చాక గొంతు చించుకున్నా పెద్దగా మారదు. విభాగాలు అంచనాలు వేసుకునే నెలల్లోనే వెళ్లి కూర్చో. కౌన్సిలర్ కంటే ఫైలు రాసే గుమాస్తాకే చాలాసార్లు ఎక్కువ తెలుస్తుంది, ఆయనతో మర్యాదగా ఉండు. క్లినిక్‌కి భవనం ఇస్తామంటే చప్పట్లు కొట్టే ముందు నర్సు జీతం, మందుల ఖర్చు ఏ పద్దులో ఉన్నాయో అడుగు. రిబ్బను కత్తిరించడానికి అందరూ వస్తారు, ఆ పద్దు గురించి అడిగేవాళ్లే ఉండరు.

ఏ పార్టీ వేదికా ఎక్కకు. రేపు అవతలివాళ్లు గెలిస్తే ఆ గుమ్మమూ తొక్కాలి కదా.

మీటింగ్‌లో నీకు రెండు మూడు నిమిషాలకు మించి ఇవ్వరు. అవి కాలువ పక్కింటావిడకు ఇచ్చేయ్, లెక్కలు అడిగితే నువ్వు అందుకో. అక్కడ ఇచ్చిన హామీ మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, ఎక్కిందో లేదో వీలైనంత త్వరగా చూసుకో. ఎక్కకపోతే వెంటనే రాతపూర్వకంగా అడుగు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ