ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఎందుకు గుయ్యిమంటుంది?

ప్రశ్న: మాది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. కరెంటు పోయి దాని మీదకు మారగానే సీలింగ్ ఫ్యాన్ గుయ్యిమంటోంది, మోటారు బాగా వేడెక్కుతోంది. ఫ్యాన్ పోయినట్టేనా? – ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: లైన్ కరెంటు మీద చప్పుడు లేదంటే ఫ్యాన్ బాగానే ఉందండి. టెన్షన్ వద్దు, కెపాసిటర్ మార్పించీ లాభం లేదు. లైన్‌లో వచ్చే 230 వోల్టులు సెకనుకు 50 సార్లు (అంటే 50 హెర్ట్జ్) నున్నగా ఎక్కి దిగుతాయి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లో ఆ నునుపు ఉండదు, వోల్టేజీ ఒక్కసారిగా మీదకీ కిందకీ మారుతుంది. ఇలాంటి అలలో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్, అంటే అసలు దానికి మూడు, ఐదు, ఏడు రెట్ల వేగంతో ఊగే అదనపు అలలు, కలిసే వస్తాయి. 150 హెర్ట్జ్ అల బలం 50 హెర్ట్జ్ దానిలో మూడో వంతు, 250ది ఐదో వంతు. తక్కువేం కాదు!

వీటితో గాలి రవ్వంత కూడా పెరగదు. వీటి కరెంటు మాత్రం వైండింగ్‌లో (రాగి తీగ చుట్టలో), రోటర్ (తిరిగే భాగం) కడ్డీల్లో పారి వేడిగా పోతుంది. కోర్ ఇనుప రేకుల్లో సుడులు తిరుగుతూ వేడెక్కించే ఎడ్డీ కరెంట్లూ పెరుగుతాయి. పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కెపాసిటర్ కరెంటును తేలిగ్గా వదులుతుంది కాబట్టి, స్టార్టింగ్ కాయిల్‌లోకి హార్మోనిక్స్ ఇంకా సులువుగా దూరతాయి. వీటి వల్ల మోటారు అదురుతుంది. మీరు వింటున్న మోత, ఆ అదురుడే. ఆ వేడంతా మీ బ్యాటరీ ఖర్చే.

గంటా రెండు గంటల కోతకు ఫ్యాన్‌కేం కాదు. రోజూ గంటల తరబడి నడిస్తే వైండింగ్ ఇన్సులేషన్ ఆయుష్షు తగ్గుతుంది. ఫ్రిజ్ మాత్రం ఈ ఇన్వర్టర్ మీద నడపకండి.

బ్యాటరీ బాగుంటే ఇన్వర్టర్‌ను ఇప్పుడే పారేయక్కర్లేదు. ముందు పడకగదిలో బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ పెట్టించండి. అది వచ్చిన కరెంటును డీసీ చేసుకుని తన అలను తానే తయారు చేసుకుంటుంది. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగే చోట 30 చాలు. కొత్త ఇన్వర్టర్ కొంటే ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోండి. 'మాడిఫైడ్ సైన్ వేవ్' పేరు చూసి మురిసిపోవద్దు, అదీ మెట్లు మెట్లుగా ఉండేదే.

ప్రశ్న: బోరు మోటారుకు వీఎఫ్‌డీ (మోటారు స్పీడును మార్చే పరికరం) పెడితే ఆదా అని ఒకరు, మోటారు వేడెక్కుతుందని మరొకరు అంటున్నారు. ఏది నిజం? – ఓ రైతు, జనగామ

జవాబు: రెండూ కొంతవరకు నిజమే. వీఎఫ్‌డీ సెకనుకు వేలసార్లు స్విచ్ అవుతుంది కాబట్టి కరెంటు దాదాపు నున్నగానే పారుతుంది, అదనపు వేడి కొంచెమే. సగం ఆదా అని ఊరించేది మాత్రం పైపు రాపిడి మీదే భారం పడే పంపుల లెక్క. అక్కడ స్పీడు 80 శాతానికి తగ్గిస్తే పవర్ సుమారు సగమవుతుంది. లోతు బోరులో నీళ్లను పైకెత్తడమే అసలు పని. స్పీడు కాస్త ఎక్కువ తగ్గిస్తే నీళ్లే రావు. కేబుల్ పొడవైతే మోటారు దగ్గర వోల్టేజీ పోట్లు రెట్టింపు దాకా రావచ్చు, వాటిని తగ్గించే అవుట్‌పుట్ ఫిల్టర్ లేకుండా బిగించనివ్వకండి.